మన ఫొటో కింద మన మాట
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంస్కృతిని కాపాడుకోవడంలో యువత పాత్ర గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు మమ్మల్ని అడిగారు. ఆ పెద్ద మాట మీద మాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. మేము అందులోంచి ఒక చిన్న ముక్క తీసుకుంటాం. ఫోన్లో వెతికితే మన ఫొటోలు ఎందుకు రావు, రావాలంటే ఏం చెయ్యాలి అన్నది ఆ ముక్క. హాస్టల్లో పిల్లలతో కలిసి ఈ పని నేర్చుకుంటూ చేస్తున్నాం కాబట్టి, తెలిసినంత వరకు చెబుతాం.

ముందు మీరే చూడండి. గూగుల్ తెరిచి ‘ఆదోని’ అని కొట్టి, ఫొటోల వరస నొక్కండి. కోట, జుమ్మా మసీదు, రణమండల కొండ, పత్తి మార్కెట్ – ఇవి వస్తాయి. ‘ఎమ్మిగనూరు’ అని కొడితే నీలకంఠేశ్వర స్వామి జాతర, మగ్గాలు. బాగుంది, అవీ మన ఊళ్ళే. ఇప్పుడు ఊరి పేరు పక్కన ‘సుగాలి’ అని కలిపి కొట్టండి. మా పిల్లలు కొట్టినప్పుడు వచ్చినవి చెబుతాం: సినిమాలో లంబాడీ వేషం కట్టిన హీరోయిన్లు, ఎక్కడో రాజస్థాన్ ఎడారిలో తీసిన ఫొటోలు, మన మండలాల నుంచి మిరపకాయ కోతకి గుంటూరు పోతున్న కుటుంబాలు, మూటలు, బిందెలు, లారీలో పిల్లలు. ‘ఎరుకల’ అని కొడితే నాటకంలో ఎరుకలసాని వేషం. ఒక పాప అడిగింది: “మేడం, మా అవ్వ ఎందుకు రాలేదు?” నవ్వొచ్చింది. కానీ అడగాల్సిన ప్రశ్నే.

వలస ఫొటోలు అబద్ధం కాదు. మా హాస్టల్లో సగం మంది పిల్లల తల్లిదండ్రులు ఆ లారీలు ఎక్కినవాళ్ళే. కానీ ఆ ఫొటోలు తీసింది పేపరు విలేకరులు, కింద మాటలు రాసింది వాళ్ళు. మన ఇంట్లో తీజ్ బుట్టలు, మన అవ్వ కాంచళీ, మన మామ అల్లిన ఈతబుట్ట – వీటి ఫొటోలు మన దగ్గర వేలకొద్దీ ఉన్నాయి. అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. వాట్సాప్‌లో ఉన్నది సెర్చ్ ఇంజిన్‌కి కనబడదు. ఫేస్‌బుక్‌లో మనవాళ్ళకి మాత్రమే కనబడేలా పెట్టుకున్నదీ అంతే. పెళ్ళి ఆల్బమ్ బీరువాలో పెట్టి తాళం వేసినట్టు.

ఈ ఫొటోల వెతుకులాట ఎలా మొదలైందో తెలుసా? 2000 సంవత్సరం ఫిబ్రవరిలో అమెరికాలో గ్రామీ అవార్డుల వేడుకకి జెన్నిఫర్ లోపెజ్ అనే గాయని ఒక ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. ఆ గౌను ఎలా ఉందో చూడాలని జనం గూగుల్ మీద పడ్డారు. అప్పట్లో గూగుల్ ఇచ్చేవి నీలం అక్షరాల లింకులే. జనానికి కావలసింది ఫొటో. 2001 జూలైలో గూగుల్ ఇమేజెస్ వచ్చింది. ఈ కథ చెప్పింది గూగుల్ సంస్థకి పెద్దగా ఉన్న ఎరిక్ ష్మిటే. ఒక గౌను కోసం పుట్టిన సదుపాయం మన ఫేటియాకి పనికిరాకుండా పోతుందా?

ఇక అసలు సంగతి. సెర్చ్ ఇంజిన్ ఫొటోని మనం చూసినట్టు చూడదు. ఇప్పుడు దానికి కొంచెం కళ్ళు వచ్చాయి, ఒప్పుకుంటాం. గూగుల్ లెన్స్‌లో ఫొటో పెడితే ‘స్త్రీ, గాజులు, అద్దాల బట్ట’ వరకు పోల్చుకుంటుంది. కానీ ఆ స్త్రీ ఎవరు, ఏ తండా, ఆ గాజుల్ని మనం బలియా అంటామని, ఆ రోజు తీజ్ తొమ్మిదో రోజు అని బొమ్మలోని రంగులు చూసి దానికి తెలిసే దారి లేదు. అది మాటల్ని బట్టి తెలుసుకుంటుంది. ఫొటో కింద రాసిన వాక్యం, చుట్టూ ఉన్న పేరాలు, పేజీ శీర్షిక, ఫొటో ఫైలుకి పెట్టిన పేరు, ఇంకా ‘ఆల్ట్ టెక్స్ట్’ అనే ఒక రాత. ఈ ఆల్ట్ టెక్స్ట్ పేజీ మీద మామూలుగా కనబడదు. చూపులేనివాళ్ళ ఫోన్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. ఫొటో తెరుచుకోకపోతే దాని చోట ఆ మాటలే కనబడతాయి. మన తండాల్లో సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే కదా.

అంటే మాట లేని ఫొటో, పేరు రాయని పోస్టు కవరు లాంటిది. ఎక్కడికీ చేరదు.

మాట ఎవరు రాస్తారన్నది చిన్న విషయం కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, ఆయనకు సాయంగా కె. రంగాచారి, 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చారు. లంబాడీల మీద అధ్యాయం ఉంది, కొరవల పేరుతో ఎరుకల వాళ్ళ మీద ఉంది. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలతబద్దలతో కొలిచి రాసుకున్న మనిషి. పుస్తకం అంతటా ఫొటోలున్నాయి, ప్రతి ఫొటో కింద పేరుంది. ఇప్పుడు ఆ సంపుటాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అక్షరం అక్షరం కంప్యూటర్ చదవగలిగేలా. నూరేళ్ళు దాటినా ఆ బొమ్మలు దొరుకుతున్నాయంటే కారణం వాటి కింద మాటలుండటమే. ఆ మాటలు మాత్రం మనవి కావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్ళని ఆ జాబితాలో చేర్చారు. పుట్టిన పిల్లవాడు కూడా పుట్టుకతోనే అనుమానితుడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ ఆ రోజుల పుస్తకాలు, రిపోర్టులు స్కాన్ అయి నెట్‌లో ఉన్నాయి. సెర్చ్ ఇంజిన్ వాటినీ చదువుతుంది. మన పేరు పక్కన ఆ పాత మాట ఇంకా అక్కడ కూర్చునే ఉంది. దాన్ని అక్కడినుంచి తీసెయ్యడం మన చేతిలో లేదు, తియ్యనూ కూడదేమో, అది చరిత్ర. కానీ వెతికినవాడికి దానితోపాటు మన చేత్తో రాసిన పేజీలు కూడా దొరకాలి. ఆ పని మనం తప్ప ఇంకెవరూ చెయ్యరు.

ఎలా రాయాలి? ఇందులో మాకు తెలిసిన విద్య బడి విద్యే. టీచర్ ట్రైనింగ్‌లో మాకు ‘చిత్రం చూసి మాట్లాడించడం’ అని ఒక పాఠం ఉండేది. ఆల్ట్ టెక్స్ట్ అంటే అంతకు మించి ఏమీ లేదు. హాస్టల్లో ఇలా చేయించాం: ఒక పాప కళ్ళు మూసుకుంటుంది, ఇంకో పాప చేతిలో ఫొటో ఉంటుంది, చూసి చెప్పాలి. మొదటిసారి, “ఒక ఆడమనిషి ఉంది” అని ఊరుకుంది. కళ్ళు మూసుకున్న పాప, “ఏం చేస్తాంది?” అంది. “కూర్చుంది.” “యాడ?” “చెట్టు కింద.” “ఏం చెట్టు? చేతిలో ఏముంది?” ఇలా గుచ్చి గుచ్చి అడిగాక చివరికి వచ్చిన వాక్యం ఇది: “ఎర్ర కాంచళీ, అద్దాల ఫేటియా కట్టుకుని, వేపచెట్టు కింద కూర్చుని బట్టకి అద్దం కుడుతున్న ముసలి అవ్వ.” అంతే, అదే ఆల్ట్ టెక్స్ట్. ‘ఫొటో’, ‘చిత్రం’ అని మొదలుపెట్టనవసరం లేదు, ఫొటో అని దానికి తెలుసు.

ఫొటో కింద కనబడే వాక్యం వేరే. కంటికి కనబడేది ఆల్ట్‌లో రాస్తాం, కంటికి కనబడనిది కింద రాస్తాం. ఎవరు, ఏ తండా, ఏ మండలం, ఏ పండుగ, ఏ సంవత్సరం, ఫొటో తీసిందెవరు. “తీజ్ తొమ్మిదో రోజు గోధుమ మొలకల బుట్టలతో పెళ్ళికాని ఆడపిల్లలు, ఫలానా తండా, ఆదోని ప్రాంతం, కర్నూలు జిల్లా, ఫలానా సంవత్సరం.” ఆ తర్వాత చుట్టూ నాలుగు పేరాలు ఉండాలి. మొలకలు ఎందుకు పోస్తారు, ఎన్ని రోజులు నీళ్ళు పోస్తారు, నిమజ్జనం రోజు అన్నదమ్ములు ఏం చేస్తారు – ఇవి మీ అవ్వనడిగి రాయండి. ఒక్క పేజీలో నలభై ఫొటోలు కుమ్మరించి పైన ‘ఫొటో గ్యాలరీ’ అని రాస్తే ఏ ఫొటో దేనిదో మనుషులకే తెలియదు, ఇక యంత్రానికేం తెలుస్తుంది? పది ఫొటోలు పెట్టండి, పదింటికీ కథ రాయండి.

కొంతమంది తెలివైన కుర్రాళ్ళు ఆల్ట్ టెక్స్ట్‌లో ‘లంబాడీ బంజారా సుగాలి తీజ్ డ్యాన్స్ బెస్ట్ ఫొటోస్’ అని పదాలు గుమ్మరిస్తారు. దానివల్ల మేలు లేదు, ఆ పేజీని గూగుల్ మోసపు పేజీగా చూసే ప్రమాదం కూడా ఉంది. చూపులేని మనిషి ఫోన్‌లో అది వింటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ మనకే ఉన్న చిక్కు ఒకటి ఉంది. మన పేరేమిటి? నవ్వకండి. సర్టిఫికెట్ మీద సుగాలి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఒకే వరుసలో సుగాలి, లంబాడీ, బంజారా మూడు పేర్లూ ఉన్నాయి. తెలంగాణలో లంబాడా అంటారు, కర్ణాటకలో లంబాణి. దేశమంతా కలిసే సభల్లో బంజారా. మన ఇంట్లో మనం గోర్, మన మాట గోర్ బోలి. వెతికేవాడు వీటిలో ఏదో ఒకటి కొడతాడు. మన పేజీలో ఒక్క పేరే ఉంటే మిగతా పేర్లతో వెతికినవాళ్ళకి మనం లేనట్టే. గూగుల్‌కి కొన్ని పేర్లు ఒకటేనని తెలుస్తుంది, అన్నీ తెలియవు. అందుకని మా పద్ధతి ఏమిటంటే, పేజీ మొదటి పేరాలో ఒక్క వాక్యం రాస్తాం: “మమ్మల్ని ఈ ప్రాంతంలో సుగాలీలంటారు, మిగతా చోట్ల లంబాడీలు, బంజారాలు, లంబాణీలు అంటారు, మేము గోర్ అనుకుంటాం.” ఆ తర్వాత మనకిష్టమైన పేరుతో సాగిపోవడమే. వస్తువుల పేర్లూ అంతే. కాంచళీ అని రాసి పక్కన ‘అద్దాల రవిక’ అని కూడా రాయండి. మన పిల్లవాడు కాంచళీ అని వెతుకుతాడు, హైదరాబాదులో కొనేవాళ్ళు అద్దాల రవిక అని వెతుకుతారు. ఎరుకల పిల్లలు కూడా బుట్టల పేర్లు మీ కుర్రు భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయండి. గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుందాం. ఒక మాటని అందరూ ఒకే తీరుగా రాసేలా పెద్దలు కూర్చుని నిర్ణయిస్తే ఇంకా మంచిది. ఒకరు ఫేటియా, ఒకరు పేట్యా, ఒకరు పెటియా అని రాస్తుంటే మన ఫొటోలు మూడు కుప్పలవుతాయి.

ఇప్పుడు సంఘం పెద్దలకు ఒక మనవి, ఈ సంచిక గురించే. మన సంచికలు ఇన్నాళ్ళూ ఎలా వచ్చాయి? డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో కూర్చి, పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ని గ్రూపుల్లో పంపడం. దీనివల్ల రెండు నష్టాలున్నాయి. మొదటిది, అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. కంటికి తెలుగులా కనబడతాయి కానీ కంప్యూటర్ లోపల అవి పిచ్చి గుర్తులు. అనుమానముంటే ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. అక్కడ కనబడేదే సెర్చ్ ఇంజిన్‌కి కూడా కనబడేది. ‘తీజ్’ అని వెతికినవాడికి అది ఎన్నటికీ దొరకదు. రెండోది, పీడీఎఫ్ లోపల అతికించిన ఫొటోలు ఫొటోల వెతుకులాటలో రావని గూగుల్ వాళ్ళే చెప్పారు, ఫొటోలు కనబడాలంటే వాటికి విడిగా వెబ్ పేజీలు పెట్టమన్నారు. అందుకని ఈ-సంచికని పీడీఎఫ్‌గా తెస్తే తెండి, చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. కానీ అందులోని ప్రతి వ్యాసాన్నీ ఫొటోలతో సహా సంఘం వెబ్‌సైటులో ఒక్కో పేజీగా, యూనికోడ్‌లో పెట్టండి. టైపు చేసే పని మా హాస్టల్ పాత విద్యార్థులు చేస్తామన్నారు.

ఫొటో మీదే అక్షరాలు రాసే అలవాటు కూడా మానుకోవాలి. మన కుర్రాళ్ళు ఫోన్లో పోస్టర్ తయారు చేస్తారు. మధ్యలో అవ్వ ఫొటో ఇంతే, చుట్టూ నాయకుల తలకాయలు ఇరవై, కింద ‘శుభాకాంక్షలతో’ అని. ఆ పోస్టర్ మీది అక్షరాలు బొమ్మలో భాగం. యంత్రం చదివినా చదవొచ్చు, చదవకపోవచ్చు, నమ్ముకోలేం. అవ్వ ఫొటో ఉత్తది ఉంచి, మాటలు పేజీ మీద రాయండి. తలకాయలు ఫ్లెక్సీకి ఉంచుకుందాం.

మిగతావి చకచకా చెప్పేస్తాం, వెబ్‌సైటు పని చేసే పిల్లలు రాసుకోండి. కెమెరా పెట్టిన పేరుతో, అంటే ‘ఐఎంజీ 4417’ లాంటి పేరుతో ఫైలు ఎక్కించకండి. ఊరు, పండుగ, సంవత్సరం వచ్చేలా చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య హైఫన్ పెట్టి పేరు మార్చండి. తెలుగు అక్షరాలతోనూ పెట్టొచ్చు గానీ ఆ లింకు ఎవరికైనా పంపితే చాంతాడంత గజిబిజి అవుతుంది. ఫోన్ ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, దాన్ని 1200 నుంచి 1600 పిక్సెళ్ళ వెడల్పుకి కుదిస్తే రెండు మూడు వందల కేబీకి వస్తుంది, తండాలో కూడా తెరుచుకుంటుంది. మరీ బొటనవేలంత చెయ్యకండి. అలంకారంగా పేజీ వెనకాల పరిచే ఫొటోని గూగుల్ లెక్కలోకి తీసుకోదు, కాబట్టి ముఖ్యమైన ఫొటోని మామూలు ఫొటోగానే పెట్టించండి. నొక్కితే తప్ప లోడు కాని గ్యాలరీలతోనూ ఇదే ఇబ్బంది. ఒకసారి ఎక్కించిన ఫొటో చిరునామా మార్చకండి. సైటు డిజైను మార్చినప్పుడల్లా చిరునామాలు మారిస్తే గూగుల్ మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నలిగిపోయి వస్తుంది, తీసిన తేదీ లాంటి వివరాలు కూడా పోతాయి, అసలు ఫైలు డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి. అయితే అసలు ఫైల్లో ఫొటో తీసిన చోటు జీపీఎస్‌తో సహా ఉండొచ్చు. ఇంటి దగ్గర తీసిన ఫొటో అయితే అది తీసేశాకే ఎక్కించండి.

ఇంత చేస్తే రేపే వస్తుందా? రాదు. రోజులు పట్టొచ్చు, వారాలు పట్టొచ్చు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా ఇస్తారు. మన సైటు మనదే అని నిరూపించుకుంటే ఏ ఫొటోలు కనబడుతున్నాయి, ఏ మాటలు కొట్టినవాళ్ళు మన దగ్గరికి వచ్చారు అని చూపిస్తుంది. మామూలు ఫలితాల్లో ముందుకి తేవడానికి గూగుల్ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. “ఇరవై వేలివ్వండి, మీ సైటు మొదటి వరసలో పెట్టిస్తాం” అని ఫోన్లు వస్తాయి, మాకు తెలిసిన ఒక సంఘానికి వచ్చాయి, ఇచ్చారు, ఏమీ కాలేదు. ఆ ఇరవై వేలతో డొమైన్ పేరుకి కొన్నేళ్ళ రుసుము కట్టొచ్చు. అన్నట్టు డొమైన్ సంఘం పేరు మీద కొనండి, ఎవరో ఒక కుర్రాడి పేరు మీద కాదు. ఆ కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం వస్తుంది, ఫోన్ నంబరు మారుతుంది, రుసుము కట్టే గడువు దాటిపోతుంది, సైటు మాయమవుతుంది. సైటుతోపాటు ఫొటోలూ మాయం.

దీనివల్ల పొట్ట నిండుతుందా అని ఒక పెద్దాయన ఇందాక టీ దగ్గర అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆదోని నుంచి ఆలూరు మీదుగా బళ్ళారి వెళ్ళి ఇంకా పడమటికి పోతే సండూరు వస్తుంది. అక్కడి లంబాణి ఆడవాళ్ళ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు ఆ ఆడవాళ్ళు, 450 మందికి పైగా కలిసి చేసిన 1755 వస్తువులు ఒకచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. సండూరు కుశల కళా కేంద్రం వాళ్ళతో ఉండి ఏళ్ళ తరబడి ఆ పనిని నిలబెట్టింది. పని చేతిలో ఉండటం ఒక ఎత్తు, ఆ పనికి పేరు, ఊరు, ఫొటో ఒకచోట దొరకడం ఇంకో ఎత్తు. కొనేవాడు ముందు ఫొటో చూస్తాడు. మన తండాల్లో కుట్టే అవ్వలు ఇంకా ఉన్నారు. ఆ కుట్టు సండూరు కుట్టు కాదు, దానికా పేరు పెట్టకూడదు. మనది మన ఊరి పేరుతోనే పెట్టాలి. ఎమ్మిగనూరు చూడండి, 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు, ఆ ఊరి పేరు చెబితే ఈనాటికీ మగ్గం గుర్తుకొస్తుంది.

ఇంతవరకు కనబడాలి అన్నాం. కనబడకూడనివి కూడా ఉన్నాయి. ఇది మేము వార్డెన్లుగా చెబుతున్నాం, కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాం. హాస్టల్ పిల్లల ముఖాలు, పేర్లు, బడి పేరుతో కలిపి నెట్‌లో పెట్టకండి. ‘వలస వెళ్ళినవాళ్ళ పిల్లలు’ అని రాసి జాలి ఫొటోలు అసలే పెట్టకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళను పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. తల్లిదండ్రులు గుంటూరు చేలల్లో ఉంటే వాళ్ళు వచ్చేదాకా ఆగండి. ఫొటో ఎక్కడికీ పారిపోదు. తీజ్ ఫొటోలో ఆడపిల్లలుంటే దూరం నుంచి, వెనక నుంచి, బుట్టల మీద వెలుగు పడేలా తియ్యండి. అందంగానే ఉంటుంది, చూపిస్తాం మా దగ్గరున్నవి.

పెద్దవాళ్ళకీ సమ్మతి ఉంటుంది. అవ్వని “ఫొటో తీస్తాం” అంటే నవ్వి కూర్చుంటుంది. అది సమ్మతి కాదు. “ఇది లోకంలో ఎవరైనా చూస్తారు, నువ్వు లేనప్పుడు కూడా ఉంటుంది” అని గోర్ బోలిలో చెప్పాక ఆమె ఏమంటుందో అదీ సమ్మతి. మేమడిగిన ఒక అవ్వ బాగా ఆలోచించి, “నా ముఖం వద్దు, నా చేతులు తీసుకో” అంది. చేతులు తీశాం. బలియా నిండుగా ఉన్న చేతులు. మా దగ్గరున్న ఫొటోలన్నిటిలో అదే మంచిదని మా అభిప్రాయం. కొన్ని పూజల్లో ఫొటో కూడదని నాయక్, పెద్దలు అంటే అక్కడితో సరి. ఒకసారి నెట్‌లోకి పోయినదాన్ని మన సైటులోంచి తీసెయ్యగలం, సెర్చ్ ఫలితాల్లోంచి కూడా తీయించగలం, కానీ ఈలోగా ఎవరైనా దాచుకున్న కాపీని తీయించలేం.

వికీమీడియా కామన్స్‌లో పెడదామా అని కొందరడిగారు. 2004 నుంచి ఉన్న చోటు అది. అక్కడ పెట్టిన ఫొటో తెలుగు వికీపీడియాలోనూ వాడుకోవచ్చు, మన సైటు రుసుము కట్టకపోయినా అది పోదు. కానీ అక్కడ పెట్టడమంటే ఎవరైనా, వ్యాపారానికైనా సరే, తీసినవాళ్ళ పేరు చెప్పి వాడుకోవచ్చని మనం రాసిచ్చినట్టు. కొండ, గుడి, బుట్ట, కాంచళీ నగిషీ – ఇవి పెట్టండి. మనుషుల ముఖాల దగ్గర ఆలోచించండి. ఇంకొకరు తీసిన ఫొటోని మనదని పెట్టకండి. మన దేశంలో ఫొటో మీద హక్కు తీసినవాళ్ళు బతికున్నంత కాలం, వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళుంటుంది. స్టూడియో ఆయన తీసిన పెళ్ళి ఫొటో అయినా ఆయన్నడిగి, పేరు రాసి పెట్టండి.

ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి మనవాళ్ళు ఏటా గుత్తి దగ్గర సేవాగఢ్ పోతారు. ఈసారి పోయేవాళ్ళు ఫోన్లు ఎలాగూ తీస్తారు. తీసినవాటిలో మంచివి ఐదింటిని ఎంచండి, యాభై వద్దు. తండాలో కుట్టే అవ్వలవి, ఈతబుట్టలు, గంపలు, చాటలు అల్లే ఎరుకల మామలవి కూడా, వాళ్ళనడిగి, తీసుకురండి. అసలు ఫైలు డాక్యుమెంట్‌గా సంఘానికి పంపండి. ఒక్కో ఫొటోతోపాటు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసిందెవరు, అడిగారా లేదా అన్న ఐదు సంగతులు రాసి పంపండి. రాత రాని పెద్దవాళ్ళు చెబితే వాయిస్ మెసేజ్ పంపినా సరే, మా పిల్లలు విని తెలుగు అక్షరాల్లో రాస్తారు. గోర్ బోలిలో చెప్పినా, కుర్రులో చెప్పినా రాసేవాళ్ళు ఉన్నారు.